మౌనంగా ప్రార్థిస్తే వినబడేది దేవుని మాటా, నా ఆలోచనేనా?

అందరికీ వందనాలు. మా ఆయన కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నారు. తన కిడ్నీ ఇస్తానని మా అత్తగారు ముందుకొచ్చారు. ఆవిడ వయసు చూస్తే నాకు భయం. ఆపరేషన్‌కి సరే అనాలా, ఆగాలా అని దేవుణ్ణి అడుగుతున్నాను.

మా సంఘంలో ప్రార్థనంటే గట్టిగా, కన్నీళ్ళతో చేసేదే. ఉపవాస కూడికలు, ఆల్ నైట్ ప్రేయర్లు అన్నీ అయ్యాయి. ఇప్పుడు నాకు మాటలు రావట్లేదు, అందుకే తెల్లవారుజామున ఊరికే కూర్చుంటున్నాను. బైబిల్లో హోరేబు కొండ దగ్గర ఏలీయా ప్రవక్తకి గాలిలో, భూకంపంలో, అగ్నిలో కాదు, ఆ తర్వాత నిమ్మళమైన స్వరంలో దేవుడు మాట్లాడాడు కదా (మొదటి రాజులు 19). నాకేమో ఆ నిశ్శబ్దంలో హాస్పిటల్ బిల్లులు, పిల్లల ఫీజులే గుర్తొస్తాయి. ఒక్కోసారి "భయపడకు" అన్నట్టు అనిపిస్తుంది. అది ఆయన మాటో, నాకు కావలసింది నేనే చెప్పుకుంటున్నానో తెలియట్లేదు. బాలుడైన సమూయేలు కూడా యాజకుడు ఏలీ చెప్పేదాకా పిలిచింది దేవుడని గుర్తుపట్టలేదు. నాకు అలా చెప్పే పెద్దవాళ్ళు దగ్గర్లో లేరు. మా పాస్టరమ్మగారు "విశ్వాసం పెంచుకోమ్మా" అని ఊరుకున్నారు.

ఇలాంటి టెన్షన్‌లో మౌనంగా దేవుని కోసం ఎదురుచూసినవాళ్ళు ఉంటే, ఎలా చేశారో చెప్తారా? నా ప్రాణం దేవుణ్ణి నమ్ముకొని మౌనంగా ఉంది అనే 62వ కీర్తనలాంటి వాక్యం ఒకటి పట్టుకుని కూర్చోవాలా? డాక్టర్లు చెప్పినదాన్నే దేవుని జవాబుగా తీసుకోవచ్చా? ఏమీ వినబడకుండానే నిర్ణయం తీసుకున్నవాళ్ళయితే, దేన్ని బట్టి తీసుకున్నారో కూడా రాయండి. ఉత్త ధైర్యం మాటలు మాత్రం వద్దండి, అవి చాలా విన్నాను.