డ్రిప్ గేజీలో బార్, కాగితంలో కిలోపాస్కల్: లెక్క ఎట్లా?

చీనీ (బత్తాయి) రైతు, నార్పల:
మాది అనంతపురం జిల్లా. డ్రిప్ ఫిల్టర్‌కు కొత్త గేజీలు బిగించినాము. బయట గీతలు బార్, లోపల గీతలు పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). చెట్ల వరుసల వెంట పోయే లాటరల్ పైపుల కాగితంలో ఏమో 100 కిలోపాస్కల్ అని రాసినారు. పాత గేజీలో కేజీలు ఉండేవి, చూడగానే తెలిసేది. ఇప్పుడు ముల్లు 1.6 దగ్గర ఉంది. ఎక్కువా, తక్కువా?

ఫిట్టర్, గుంతకల్లు:
అన్నా, 100 కిలోపాస్కల్ అంటే సరిగ్గా 1 బార్. పీఎస్‌ఐలో 14.5. నీ పాత కేజీ అంటే చదరపు సెంటీమీటరు మీద ఒక కేజీ బరువు, అది 0.98 బార్. తోట పనికి రెండూ ఒకటే అనుకో. అదే కేజీ 10 మీటర్ల నీటి ఎత్తుకు సమానం. మోటారు ప్లేటు మీద హెడ్, అంటే నీళ్లు ఎత్తే ఎత్తు, మీటర్లలో ఉంటుంది కదా, పదితో భాగిస్తే కేజీలు వచ్చేస్తాయి. ఇంతకీ 1.6 ఫిల్టర్ ముందరిదా, వెనకదా?

చీనీ రైతు:
ముందరిది. వెనక 0.9.

ఫిట్టర్:
తేడా 0.7 బార్, అంటే 70 కిలోపాస్కల్. ముందు జాలీ కడుగు, 0.5 దాటినాక ఆగకూడదు. తర్వాత లైన్ చివర చూడు. మిట్ట మీది చెట్లకు మీటరు ఎత్తుకు దాదాపు 0.1 బార్ తగ్గుతుంది.

ఫిజిక్స్ లెక్చరర్, కడప:
ఒక మాట. గేజీ సున్నా చూపినా గాలి పీడనం ఉంటుంది: సముద్రమట్టం దగ్గర 1.013 బార్, 760 మి.మీ. పాదరసం. తోటకు అది అక్కరలేదు. గ్యాస్ సమీకరణాల్లో మాత్రం కలపాలి. మా పిల్లలు మార్కులు పోగొట్టుకునేది అక్కడే.