పురుగుల మందు డబ్బా చూపించి చేసిన పెళ్లి చెల్లుతుందా?

గోదారిగట్టు: మా పెదనాన్న కూతురి సంగతి. ఈ సంబంధం వద్దని మొండికేస్తే ఆయన పురుగుల మందు డబ్బా తెచ్చి అన్నాల బల్ల మీద పెట్టాడు. మూత కూడా తియ్యలేదు. అక్క "సరే" అనేసింది. పెళ్లై ఏడు నెలలు. పదహారు రోజుల పండగకి వచ్చింది, మళ్లీ వెళ్లలేదు. విడాకులు వద్దట, అసలు పెళ్లే చెల్లదని కోర్టు చెప్పాలట. నాకైతే న్యాయమే అనిపిస్తోంది.

నల్లకోటు: న్యాయం వేరు, సెక్షన్ వేరండీ. 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 12 ప్రకారం, బలవంతంగానో మోసంతోనో ఒప్పిస్తే రద్దు కోరవచ్చు. కానీ బలవంతం ఆగిన ఏడాదిలోపే కేసు వెయ్యాలి. ఆగాక ఇష్టపడి కాపురం చేస్తే ఆ దారి మూసుకున్నట్టే. "కొన్నాళ్లు సర్దుకో అమ్మా" అంటారు చూశారూ, సగం కేసుల్ని చంపేది ఆ మాటే.

మిరపకాయ్: ఇద్దరూ ఒప్పుకుని విడాకులు తీసుకుంటే పోలా?

గోదారిగట్టు: మ్యాట్రిమొనీ ప్రొఫైల్లో "డివోర్సీ" అన్న గడి నింపాలిగా. అక్క టెన్షన్ అదే.

మూడోముడి: తండ్రి బతిమాలితే బలవంతమా? అలాగైతే మన ఊళ్లో సగం పెళ్లిళ్లు రద్దే!

నల్లకోటు: బతిమాలడం వేరు, చస్తానని బెదిరించడం వేరు. 1917లో మద్రాసు హైకోర్టుకి చిక్కం అమ్మిరాజు కేసు వచ్చింది. ఒకాయన ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించి, ఆస్తిలో హక్కు తన సోదరుడికి వదిలేస్తున్నట్టు భార్య చేత, కొడుకు చేత కాగితం రాయించాడు. అది బలవంతమేనని ముగ్గురు జడ్జీల్లో ఇద్దరన్నారు.

మూడోముడి: అది ఆస్తి కాగితం, పెళ్లేమో సంస్కారం. పైగా కాంట్రాక్టు చట్టంలో బలవంతమంటే శిక్షాస్మృతి నిషేధించిన పని చేస్తానని బెదిరించడం; ఆత్మహత్యని శిక్షాస్మృతి నిషేధించింది అన్నదే ఆ తీర్పుకి ఆధారం. ఆ శిక్షాస్మృతి స్థానంలో 2024 జులైలో అమల్లోకొచ్చిన న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నం నేరమన్న పాత 309 సెక్షనే లేదు. పునాది కదిలిందిగా?

నల్లకోటు: ఒప్పందాల వరకు మంచి పాయింటే. కానీ వివాహ చట్టంలో "బలవంతం" అన్న మాటకి కాంట్రాక్టు చట్టంలోని అర్థమే తేవాలని ఎక్కడా లేదు. ఆ "సరే" మనసారా అన్నదేనా అన్నది చూడాలి. నా భయం సాక్ష్యం గురించి. "నేనే బెదిరించాను" అని మీ పెదనాన్న బోనెక్కి చెబుతాడా?

గోదారిగట్టు: చచ్చినా చెప్పడు. పెద్దమ్మ చెబుతుందేమో. ఆ డబ్బా ఎత్తుకెళ్లి బియ్యం డ్రమ్ము వెనక దాచింది ఆవిడే.