12 మంది, రెండున్నర గంటలు: ఏం చేయిస్తే పూర్తవుతుంది?

ప్రశ్న:

అందరికీ నమస్తే అండి. వచ్చే శనివారం సాయంత్రం మా గ్రూపులో 12 మందిమి ఒకచోట కూర్చుని చేత్తో ఏమైనా చేద్దాం అనుకున్నాం. మాటల మధ్యలో నేనే ఊపుమీద "నేను చూసుకుంటాలే" అనేశాను, ఇప్పుడు టెన్షన్. నాకు పూసలు గుచ్చడం వచ్చు, అంతకుమించి పెద్దగా రాదు. వచ్చేవాళ్లలో ఇద్దరు ముగ్గురు చేయి తిరిగినవాళ్లు, మిగతావాళ్లు స్కూలు వదిలాక కత్తెర, జిగురు ముట్టుకోనివాళ్లు. టైం 6 నుంచి 8.30 వరకు. ఒక నగ, ఇంట్లో పెట్టుకునేది ఇంకొకటి, రెండూ పూర్తిచేసి పట్టుకెళ్లాలని నా ఆశ. ఇప్పటికి అనుకున్నవి ఎయిర్ డ్రై క్లేతో లాకెట్లు, రెజిన్ కోస్టర్లు, మాక్రమే (తాడును ముడులు వేసి అల్లడం) వాల్ హ్యాంగింగ్. కుదురుతాయా? సామాను ఎంత తెచ్చుకోవాలి?

జవాబు:

మొదటి రెండూ కొట్టేయండి, మూడోదాని సంగతి తర్వాత చెప్తాను.

అందరూ "సులువా కష్టమా" అని చూసి ఎంచుకుంటారు కానీ ఇలాంటి సాయంత్రాలకు చూసుకోవాల్సింది అది కాదండి, ఎంతసేపట్లో ఆరుతుంది అన్నదే. క్లే లాకెట్ చేయడం పది నిమిషాల పని, పిల్లలు కూడా చేస్తారు, కానీ పలచగా చేసినా ఆరడానికి ఒక రోజు, మందంగా ఉంటే రెండు మూడు రోజులు. నేను ఒకసారి ఎనిమిది మందితో ఇదే చేయించి దెబ్బతిన్నాను. ఆకుల అచ్చులు, పూల అచ్చులు వేసి ఎంతో ముద్దుగా చేశారు, తీరా వెళ్లేటప్పుడు ఆ పచ్చి లాకెట్లను టిష్యూలో చుట్టి బ్యాగుల్లో పెట్టుకున్నారు. మర్నాడు ఫోటోలు వచ్చాయి, ఒకదాని మీద తాళంచెవి అచ్చు, ఇంకోదాని మీద బొటనవేలి ముద్ర.

రెజిన్ అయితే ఇంకా వద్దు. రెండు ద్రవాలను సరిగ్గా కొలిచి కలపాలి, గ్లోవ్స్ కావాలి, కిటికీలు తెరిచి ఉండాలి, గట్టిపడడానికి మళ్లీ ఒక రోజు. మాటిమాటికీ చేతికి అంటితే కొందరికి అలర్జీ కూడా వస్తుంది. కబుర్లు చెప్పుకుంటూ చేసే పని కాదది.

మాక్రమేకి ఆరే గొడవ లేదు, అందులో తినేసేది తాడు. దగ్గరదగ్గరగా ముడులు వేస్తే పూర్తయిన పొడవుకు ఎనిమిది రెట్లు తాడు కోసి సగానికి మడుచుకోవాలి. 20 సెంటీమీటర్ల బుల్లి హ్యాంగింగ్‌కి ఒక్కో తాడు 160 సెంటీమీటర్లు, అలాంటివి 8 కావాలంటే మనిషికి దాదాపు 13 మీటర్లు. 12 మందికి లెక్కేసుకోండి, 150 మీటర్లు దాటుతుంది, పైగా కొత్తవాళ్లకు రెండున్నర గంటలూ దానికే సరిపోతాయి.

ఇంకొకరి జవాబు:

పూసలు వచ్చన్నారు కదా, మరి వేరేవాటి జోలికి ఎందుకండీ? ఎలాస్టిక్ బ్రేస్‌లెట్ పెట్టుకోండి. ఒక్కరు కూడా ఖాళీ చేతులతో వెళ్లరు.

మామూలుగా పెద్దవాళ్లకు 18 సెంటీమీటర్లు చాలు, అయినా మణికట్టు కొలిచి ఒకటిన్నర సెంటీమీటరు కలుపుకోవడం మంచిది. 8 మిల్లీమీటర్ల పూసలైతే ఒక్కొక్కరికి 23 పడతాయి, 12 మందికి 276. కిందపడి మంచం కిందకి దొర్లిపోయేవి, రంధ్రం మూసుకుపోయినవి ఎలాగూ ఉంటాయి కాబట్టి 320 తెచ్చుకోండి. దారం 0.8 మిల్లీమీటర్లది, మనిషికి 30 సెంటీమీటర్లు. పొదుపు చేద్దామని 22, 23 కోశారో, ముడి వేసేటప్పుడు చివరలు వేళ్లకు అందక ఏడుస్తారు.

ఇప్పుడు అసలు కిటుకు. పూసలు గుచ్చకముందే దారాన్ని నాలుగైదుసార్లు గట్టిగా లాగి వదలండి. ఇది చేయకపోతే వారం తిరక్కుండా దారం సాగి పూసల మధ్య ఖాళీలు కనిపిస్తాయి. ముడి వేసేటప్పుడు, మామూలుగా ఒకసారి తిప్పి లాగుతాం కదా, ఆ చోట రెండుసార్లు తిప్పి లాగండి. దానిమీద ఎదురువైపు నుంచి ఇంకోసారి అలాగే. నాలుగు చివర్లనూ, అంటే రెండు దారం కొసలనూ రెండు వైపులా ఉన్న బ్రేస్‌లెట్‌నూ కలిపి లాగితే ముడి "టక్" మని బిగుసుకున్నట్టు వేలికి తెలుస్తుంది. అది తెలిసేదాకా కత్తెర పట్టుకోవద్దు. రంధ్రం కాస్త పెద్దగా ఉన్న పూసను చివర గుచ్చుకుంటే ముడి అందులో దాక్కుంటుంది.

సూపర్ గ్లూ చుక్క మాత్రం వేయకండి. ఎలాస్టిక్ మీద అది గట్టిపడిన చోట పెళుసై తెగుతుంది, మెరిసే పూసల మీద తెల్లటి మసక కూడా వస్తుంది. నగల కోసం అమ్మే, ఆరాక కూడా మెత్తగా ఉండే జిగురు ఉంటే ఒక చుక్క చాలు. లేకపోయినా ముడి సరిగ్గా పడితే నిలుస్తుంది.

అడిగినవారు:

చాలా థాంక్స్ అండి, క్లే, రెజిన్ రెండూ తీసేశాను. కానీ బ్రేస్‌లెట్ అరగంటలో అయిపోతుందేమో, చేయి తిరిగినవాళ్లు విసుక్కుంటారని భయం. చెవులకు ఏమైనా చెప్పండి. ఇంటి అలంకరణకి కూడా.

జవాబు:

చెవులకైతే క్విల్లింగ్ జుంకాలు, అంటే సన్నటి పేపర్ పట్టీలను చుట్టి చేసేవి. పేపర్‌తో చేశారంటే ఎవరూ నమ్మరు, బరువే ఉండదు.

5 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు తీసుకోండి, మామూలుగా 45 సెంటీమీటర్ల పొడవు వస్తాయి. ఒకదాని చివర ఇంకోదాన్ని అతికిస్తూ ఐదు పట్టీలను బిగుతుగా చుడితే రెండు సెంటీమీటర్ల బిళ్ల తయారవుతుంది. దాన్ని బొటనవేలితో మధ్యలోంచి మెల్లగా, తిప్పుతూ తిప్పుతూ పైకి నెట్టాలి, గిన్నెలా లేస్తుంది. ఒక్కసారిగా నెడితే చుట్టలన్నీ స్ప్రింగులా విడిపోయి ఒళ్లో పడతాయి, మొదటిసారి అందరికీ పడతాయి, నవ్వుకుని మళ్లీ చుట్టుకోవడమే. ఆకారం కుదిరాక లోపలివైపు తెల్ల జిగురు పలచగా పూసి ఓ అరగంట కదపకుండా పెట్టాలి. రెండో చెవికి కూడా సరిగ్గా అన్నే పట్టీలు, లేకపోతే ఒకటి పెద్దది ఒకటి చిన్నది అవుతుంది. చుట్టే పుల్ల వదిలిన మధ్య రంధ్రంలోంచి పూస గుచ్చిన పిన్ను పైకి తీసి, కొసను వంచి కొక్కేనికి తగిలిస్తే అయిపోయింది.

పైవాళ్లు చెప్పిన ఆరే సంగతి ఇక్కడ కూడా వర్తిస్తుంది. అందుకే 6 గంటలకు అన్నిటికంటే ముందు జుంకాలే మొదలుపెట్టించండి, జిగురు పూసి పక్కన పెట్టాక బ్రేస్‌లెట్లో ఇంటి అలంకరణో చేయించి, చివర 20 నిమిషాల్లో కొక్కేలు తగిలించుకోండి.

కొక్కేలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి తీసుకోండి. నికెల్ పడనివాళ్లు చాలామంది ఉంటారు, చవక కొక్కేలతో చెవులు దురదపెట్టి ఎర్రబడతాయి. ఇంకో మాట, కొక్కేన్ని తగిలించడానికి చిన్న రింగులు వాడితే వాటిని ఎప్పుడూ పక్కలకు లాగి తెరవొద్దు. రెండు ప్లయర్లతో పట్టుకుని ఒక కొసను మీవైపు, ఇంకో కొసను అటువైపు తిప్పండి. లాగితే గుండ్రం పోతుంది, మళ్లీ సరిగ్గా మూసుకోదు.

ఇంకొకరి జవాబు:

ఇంటికైతే గాజు సీసా లైట్లు చేయించండి. ఖాళీ సీసాలు ఎవరివి వాళ్లను తెచ్చుకోమనండి, లేబుల్ వదిలించి, జిడ్డు లేకుండా కడిగి, తడి ఆరాక తేవాలని మాత్రం గట్టిగా చెప్పండి (ఎవరో ఒకరు ఎలాగూ లేబుల్‌తోనే తెస్తారు). కింది భాగానికి పురికొస చుట్టి, లోపల బ్యాటరీతో వెలిగే బుల్లి ఎల్ఈడీ తీగ పెడితే చాలు.

7 సెంటీమీటర్ల వెడల్పు సీసా చుట్టుకొలత 22 సెంటీమీటర్లు. 3 మిల్లీమీటర్ల పురికొసతో పది చుట్లు వేస్తే 3 సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది, దానికి 2 మీటర్ల 20 పడుతుంది. రెండున్నర మీటర్ల చొప్పున 12 మందికి 30 మీటర్లు. సీసా మొత్తం చుట్టాలనుకుంటే తాడూ ఎక్కువే, వెలుగూ కనిపించదు, కాబట్టి ఆశపడొద్దు. లోపల నిజం కొవ్వొత్తి మాత్రం వద్దు, పక్కనే పురికొస ఉంది.

అంటించడానికి హాట్ గ్లూ గన్ బెస్ట్, క్షణాల్లో పట్టేస్తుంది.

జవాబు:

హాట్ గ్లూ బెస్టే, కానీ 12 మందికి ఎన్ని గన్‌లు పెడతారు? ఎన్ని ప్లగ్గులు ఉంటాయి? కొత్తవాళ్లు వేలు కాల్చుకోవడం ఖాయం. తెల్ల జిగురు ఒక్కదానితోనే చేస్తే గాజు మీద తాడు జారిపోతుంది, అది నిజమే. నేను మొదటి రెండు చుట్ల చోట డబుల్ సైడ్ టేప్ వేస్తాను, దానిమీద తాడు కూర్చున్నాక మిగతా చుట్లకు తెల్ల జిగురు, చివరి చుట్టుకు మళ్లీ టేప్. ఇంటికి తీసుకెళ్లేలోగా ఊడదు.

పిల్లలు వచ్చే అవకాశం ఉంటే, ఆ లైట్లలో బటన్ బ్యాటరీలు ఉంటాయేమో చూసుకోండి. మింగితే చాలా ప్రమాదం, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. స్క్రూతో బిగించే మూత ఉన్నవే తీసుకోండి, విడి బ్యాటరీలు బల్ల మీద పెట్టకండి.

అడిగినవారు (ఆదివారం):

అయిపోయిందండి! మీరు చెప్పిన వరసలోనే జుంకాలు, సీసా, బ్రేస్‌లెట్, మళ్లీ కొక్కేలు. 8.30 కాదు, 8.50 అయింది. జుంకాల దగ్గరే 50 నిమిషాలు పోయాయి, పదకొండు మందికి చుట్టలు ఒళ్లో పడ్డాయి, పడని ఆవిడే మొదట్లో "నాకు ఇవన్నీ రావు" అన్నావిడ. ఇద్దరి జుంకాలు ఇంకా చల్లగా అంటుకుంటున్నాయి, వాటికి కొక్కేలు ఇంటికెళ్లి తగిలించుకోమని పొట్లంలో కట్టిచ్చాను. ఒకరు లేబుల్‌తోనే సీసా తెచ్చారు. బ్రేస్‌లెట్లలో ఒకటే తెగింది, నాదే, దారం లాగి వదలమని అందరికీ చెప్పి నేను మర్చిపోయాను, ముడి కూడా హడావుడిగా వేశాను. పూసలు ఇంకా 30 దాకా మిగిలాయి, ఈరోజు మళ్లీ గుచ్చుకుంటాను.

ఒక చిన్న సందేహం, జుంకాలకు తడి తగలకుండా పైన ఏమైనా పూయాలా?

జవాబు:

పారదర్శకంగా ఉండే వార్నిష్ పలచగా రెండు పూతలు, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. ముందు మిగిలిపోయిన చిన్న చుట్ట మీద పూసి చూడండి, కొన్ని పేపర్ల రంగు కారుతుంది. వార్నిష్ వేసినా స్నానానికి వెళ్లేటప్పుడు తీసేయాల్సిందే, ఎంతైనా పేపరే కదా.