డెంటల్ స్కూల్‌కి వెళ్లాలనుకునే పిల్ల ఒక్క సెమిస్టర్లో 18 క్రెడిట్లు తీసుకోవచ్చా?

తెనాలి అమ్మ, ఫ్రిస్కో:
అందరికీ నమస్కారమండి. మా అమ్మాయి ఇక్కడే టెక్సాస్‌లో స్టేట్ యూనివర్సిటీలో బయాలజీ రెండో ఏడు చదువుతోంది. డెంటిస్ట్ అవ్వాలన్నది దాని కోరికే, మేం రుద్దింది కాదు. పోయిన ఫాల్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ 1లో బీ గ్రేడు వచ్చింది, జీపీఏ 3.5 దగ్గరుంది. వచ్చే ఫాల్‌కి బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, అనాటమీ, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ పెట్టుకుంది. మొత్తం 18 క్రెడిట్లు.

మా ఆయనేమో "ఇంటర్లో మేం తెల్లవారుజామున లేచి రాత్రి దాకా చదవలేదా, దీనికి వారానికి 18 గంటలేగా క్లాసులు" అంటారు. నాకు మాత్రం పిల్ల మొహం చూస్తే భయమేస్తోంది, పీక్కుపోయింది. మొన్న వీకెండ్ ఇంటికొచ్చి, పప్పుచారన్నం కలిపి పెడితే కంచం ముందు కూర్చుని ఫోన్లో ఆర్గానిక్ రియాక్షన్ల కార్డులు తిప్పుకుంటోంది. అన్నం చల్లారిపోయింది. ఒక కోర్సు తగ్గించుకోవే అంటే "లోడ్ తక్కువుంటే స్కూళ్లవాళ్లు తీసుకోరమ్మా" అంటుంది. నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆస్టిన్ నాన్న:
మా వాడు మెడికల్ వైపండి, అయినా ఈ టెన్షన్ అందరిళ్లలోనూ ఒకటే. 12 క్రెడిట్లుంటే ఫుల్‌టైమ్ కిందే లెక్క. స్కాలర్‌షిప్ ఉంటే మాత్రం దాని రూల్ చూసుకోండి. అన్నయ్యగారికి చెప్పండి, మనకి ఇంటర్లో ఏడాది చివర పరీక్షలు, ఇక్కడ ప్రతి మిడ్‌టర్మూ, ప్రతి క్విజ్జూ గ్రేడులో కలుస్తుంది.

డెంటల్ మూడో ఏడు, హ్యూస్టన్:
ఆంటీ, క్రెడిట్లు కాదు, ల్యాబులు లెక్కపెట్టండి. మైక్రో, అనాటమీ, ఫిజిక్స్ మూడింటికీ ల్యాబ్ ఉంటుంది. కాగితం మీద ల్యాబ్ అంటే 1 క్రెడిట్టే, కానీ మధ్యాహ్నం మొత్తం దానికే పోతుంది. మైక్రోలో అయితే మంగళవారం ప్లేట్ మీద గీసిన బ్యాక్టీరియా పెరిగిందో లేదో చూడ్డానికి గురువారం మళ్లీ వెళ్లాలి. పక్క గీతలోకి వేరేది పాకితే మొదటి నుంచి చెయ్యాలి. ఇలాంటివి మూడు పెట్టుకుని పైన బయోకెమిస్ట్రీ కూడా అంటే ఎంత తెలివైన పిల్లకైనా తలకు మించిన పనే.

నేనైతే ఫిజిక్స్ తీసేస్తాను. డెంటల్ స్కూల్ ఎంట్రన్స్ పరీక్ష డాట్‌లో ఫిజిక్స్ ఉండదు. నాలుగో ఏడులో చదివినా సాధారణంగా ఒప్పుకుంటారు. అప్లై చేసే రోజుకి కాదు, డెంటల్ స్కూల్లో చేరే రోజుకి పూర్తయి ఉండాలంటారు. ఏ స్కూల్‌కి అప్లై చేస్తుందో ఆ స్కూల్ పేజీలో ఒకసారి చూసుకోమనండి.

లోడ్ మాట సగం నిజమే. ప్రతి సెమిస్టర్ 12తో లాగిస్తే అనుమానం వస్తుంది. ఎందుకంటే మా మొదటి ఏడంతా పొద్దున క్లాసులు, మధ్యాహ్నం మైనంతో పళ్లు చెక్కడం, అన్నీ కట్టగట్టుకుని మీద పడతాయి. కానీ ఫిజిక్స్ తీసేసినా 14 ఉంటాయిగా. 14లో అన్నీ ఏ గ్రేడులు వస్తే ఎవరూ ఏమీ అనరు.

టెక్సాస్ స్కూళ్లకి టీఎండీఎస్ఏఎస్ అనే అప్లికేషన్ సైట్లో, బయటి రాష్ట్రాలవాటికి ఆడ్‌సాస్ అనే సైట్లో అప్లై చెయ్యాలి. రెండిట్లోనూ సైన్స్ జీపీఏ విడిగా తీస్తారు. కోర్సు మళ్లీ చదివినా పాత గ్రేడు పోదు, రెండూ కలిపి లెక్కేస్తారు. అందుకని "సీ వస్తే మళ్లీ తీసుకుంటాలే" అనే ధైర్యం వద్దు. మధ్యలో డ్రాప్ చేస్తే వచ్చే డబ్ల్యూ (విత్‌డ్రా అని గుర్తు) జీపీఏలో కలవదు, ట్రాన్స్‌క్రిప్ట్‌లో మాత్రం కనపడుతుంది. పైగా టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో మామూలుగా డిగ్రీ మొత్తానికి 6 డ్రాపులే ఇస్తారు. తీసుకునేటప్పుడే ఆలోచించుకోవడం నయం.

తెనాలి అమ్మ, ఫ్రిస్కో:
చాలా థాంక్స్ బాబూ, నీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. ఊఁ అన్నారు, అంతే. మరి ఫిజిక్స్ ఈ సమ్మర్లోనే కమ్యూనిటీ కాలేజీలో కానిచ్చేస్తే?

డాక్టరమ్మ, కేటీ:
అలా చెయ్యకండమ్మా. ఆర్గానిక్ 2 ఇప్పుడే అవుతోంది, ఆ వేడి మీదే ఈ సమ్మర్లో డాట్ రాసేయమనండి. అప్లికేషన్ తెరిచేది వచ్చే ఏడు మేలో కదా, స్కోరు అప్పటికి చేతిలో ఉంటుంది. ఫిజిక్స్ కొన్ని వారాల్లో కుక్కి చెబుతారు, దానితో పాటు డాట్ చదవడం జరిగే పని కాదు. ముఖ్యంగా డాట్‌లో ఆకారాలని ఊహించే పాట్ సెక్షన్. మడిచిన కాగితానికి చిల్లు పెడితే విప్పాక ఎక్కడెక్కడ చిల్లులుంటాయో మనసులోనే చూడాలి. ఇలాంటివి 60 నిమిషాల్లో 90 ప్రశ్నలు. రోజూ కొంచెం చేస్తేనే కన్ను అలవాటు పడుతుంది.

నేను బీడీఎస్ హైదరాబాద్‌లో చేశాను. అక్కడ ఏ ఏడు ఏ సబ్జెక్టులో వాళ్లే రాసిచ్చేవాళ్లు, మనం ఎంచుకునేది ఏమీ లేదు. ఇక్కడ ఎంచుకునే వీలుంది, వాడుకోనివ్వండి. మా క్లినిక్‌లో షాడోయింగ్‌కి, అంటే డాక్టరు పక్కనే ఉండి పని చూడ్డానికి వచ్చే పిల్లల్లో 18 క్రెడిట్లవాళ్లని ఇట్టే పట్టేస్తాను. రూట్ కెనాల్ మధ్యలో గోడకి ఆనుకుని కునుకు తీస్తుంటారు! ఫాల్‌లో షాడోయింగ్ నెలకి ఒకటి రెండు శనివారాలు చాలు. తేదీ, డాక్టరు పేరు, ఎన్ని గంటలు, ఏం చూసింది ఎప్పటికప్పుడు రాసిపెట్టుకోమనండి, అప్లికేషన్లో నింపేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.