"చిత్తము ప్రభువా" అంటే ఒప్పుకున్నట్టేనా?

ప్రశ్న: పాత తెలుగు బైబిల్లో అబ్రాహాము, యాకోబు, మోషే దేవుడు పేరు పెట్టి పిలవగానే "చిత్తము ప్రభువా" అంటారు. అంటే "మీరు చెప్పినట్టే చేస్తాను" అనేనా? మా సంఘంలో ఈ మాట వచ్చినప్పుడల్లా ఉద్యోగం మానేసి సేవకు రావడం గురించే చెబుతారు. ఇల్లూ ఆఫీసూ చూసుకునేవాళ్ళం ఈ మాట ఎప్పుడు అనాలి?

జవాబు: మంచి ప్రశ్న అండీ. హీబ్రూలో అక్కడున్నది "హిన్నేని" అనే ఒక్క మాటే. "ఇదిగో, ఉన్నాను" అని అర్థం. "ప్రభువా" అనేది మూలంలో లేదు. పిలిచింది ఎవరో చూసి మనవాళ్ళు చేర్చారు. దొరగారు పిలిస్తే "చిత్తం" అనడం అలవాటైన భాష కదా మనది!

ఆదికాండము 22 తీసి చూడండి. దేవుడు పిలిస్తే అబ్రాహాము "చిత్తము ప్రభువా" అంటాడు. కొండెక్కుతూ ఇస్సాకు "నా తండ్రీ" అంటే "ఏమి నా కుమారుడా" అంటాడు. హీబ్రూలో రెండుచోట్లా అదే హిన్నేని. దేవుడికి ఏ మాటతో పలికాడో, కట్టెలు మోస్తున్న పిల్లవాడికీ అదే మాటతో పలికాడు. మన అనువాదంలో మర్యాద బాగా కుదిరింది గానీ ఈ సంగతి కనబడకుండా పోయింది. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

సమూయేలు "చిత్తమండి నేనున్నాను" అంటాడు (1 సమూయేలు 3). నిజానికి పిలిచింది దేవుడే. కానీ యాజకుడైన ఏలీ పిలిచాడనుకున్నాడు కాబట్టి "అండి" వచ్చింది. ఇది అనువాదకుల గొప్పతనం. ఆ కుర్రవాడు మూడుసార్లు నిద్రలోంచి లేచి, చూపు మందగించిన ముసలాయన దగ్గరికి వెళ్ళాడు. "మళ్ళీ ఏంటి" అని ఒక్కసారీ విసుక్కోలేదు. దేవుడి పిలుపుకి పలకడం అలాగే మొదలైంది. మీ ప్రశ్నకి నా జవాబు కూడా ఇదే: ఇంట్లో, ఆఫీసులో ఎవరైనా పిలిచినప్పుడు.

మరొకరు: నేను నర్సుని. నైట్ డ్యూటీలో తెల్లవారుజామున ఒకే బెడ్ నుంచి "సిస్టర్" అని నాలుగోసారి పిలుపొస్తుంది. చాలాసార్లు వాళ్ళకి ఏమీ అక్కర్లేదు, పక్కన ఎవరైనా ఉన్నారా అని చూసుకుంటారంతే. "ఆఁ, ఇక్కడే ఉన్నానమ్మా" అంటాను. అది కూడా ఈ మాటే అని ఇప్పుడు తెలిసింది, థాంక్సండీ.

ప్రశ్న అడిగినవారు: చాలా బాగుంది. కానీ మరి విధేయత సంగతి?

జవాబు: అది తర్వాతి మెట్టు. మోషే "చిత్తము ప్రభువా" అన్నాక, ఐగుప్తుకి వెళ్ళమని దేవుడంటే ఎన్ని అభ్యంతరాలు చెప్పాడో నిర్గమకాండము 3, 4 అధ్యాయాల్లో చూడండి. "ఎంతటివాడను" అన్నాడు, మాట సరిగా రాదన్నాడు, చివరికి ఇంకెవరినైనా పంపమన్నాడు. "చిత్తము" అంటే అప్పుడే ఒప్పేసుకోవడం అయితే ఇదంతా ఎందుకు? యెషయా ప్రవక్త మాత్రం (యెషయా 6:8) "నేనున్నాను" అన్న వెంటనే "నన్ను పంపుము" అన్నాడు. ఒప్పుకోలు ఆ రెండో మాటలో ఉంది.

ఇక ఉద్యోగం సంగతి. పిలుపు వచ్చినప్పుడు మోషే మామగారి మంద మేపుతున్నాడు. కొండ దిగి నేరుగా ఐగుప్తుకి పోలేదు. ముందు ఇంటికొచ్చి ఆ మామగారిని, యిత్రోని, సెలవడిగాడు. ఆయన "సుఖంగా వెళ్ళు" అన్నాకే, భార్యాపిల్లల్ని వెంటబెట్టుకుని బయలుదేరాడు.