పార్టికల్ బోర్డు తలుపు వంగితే తప్పు బోర్డుదా, బిగించినవాళ్లదా?

శ్రావ్య_ఇల్లు: విడి ముక్కలుగా పెట్టెలో వచ్చే వార్డ్‌రోబ్ కొన్నాం. ఇప్పుడు ఎడమ తలుపు మూస్తే పై మూల బయటికి పొడుచుకొస్తోంది, వేలు దూరేంత సందు. పక్క పలక అడుగున బెత్తెడు మేర బొడిపెలు చేతికి తగులుతున్నాయి. అమ్మినవాళ్లు బిగింపు బాగోలేదంటారు, బిగించిన అబ్బాయి సరుకే అంతంటాడు. ఎవరి మాట నమ్మాలి?

రసమట్టం: ముందు నేల చూడండి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే వార్డ్‌రోబ్ మెలి తిరుగుతుంది, బాగున్న తలుపు కూడా వంకరగా కనబడుతుంది. వెనకవైపు మూల నుంచి ఎదుటి మూలకు రెండు కొలతలూ తీయండి. తేడా వస్తే ఓరగా నిలబడినట్టే. వెనక కొట్టే పలచటి షీటు దుమ్ము ఆపడానికే అనుకుంటారు చాలామంది, నిజానికి మొత్తాన్ని ఓరిగిపోకుండా పట్టి ఉంచేది అదే.

ఉలి_సుత్తి: అంతా నేల మీదకి నెట్టేస్తే ఎలాగండీ? నేల వల్ల బొడిపెలొస్తాయా? ఈ బోర్డు చెక్క తునకలకు యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు కలిపి వేడి ప్రెస్సులో నొక్కింది. నీళ్లు తగిలితే అణిగిన తునకలు పైకి లేస్తాయి, జిగురు పట్టు వదులుతుంది. ఆరాక కూడా మందం పూర్తిగా తగ్గదు. అసలు చెక్క తేమకు ఉబ్బినా ఎండకు చాలావరకు సర్దుకుంటుంది. పలక అడుగున కోసిన అంచుకు ఎడ్జ్ బ్యాండ్, అంటే అంచును మూసే పట్టీ, వేసి ఉండరు, ఇల్లు తుడిచిన నీళ్లన్నీ తాగుతుంది.

రసమట్టం: బొడిపెల సంగతి నేను కాదన్నానా? తలుపు పై మూల గురించి మాట్లాడుతున్నా. కొలతలు తీశారా లేదా?

వానజల్లు: మా పుస్తకాల అర ఊయలలా వంగింది. దానికీ నేలే కారణమా?

రసమట్టం: అది బరువు వల్ల. ఈ బోర్డు నిలకడ బరువు కింద నెమ్మదిగా వంగుతూనే పోతుంది, బరువు తీసినా పూర్తిగా లేవదు. పుస్తకాలు అలాగే వరసగా పేర్చి అర పొడవు రెట్టింపు చేస్తే వంపు 16 రెట్లు అవుతుంది. 18 మి.మీ. బదులు 25 మి.మీ. బోర్డు వేస్తే బిగువు రెండున్నర రెట్లు దాటుతుంది. మధ్యలో ఒక నిలువు ముక్క పెట్టుకోండి, చాలు.

ఉలి_సుత్తి: లెక్కలు బాగానే చెబుతారు. ఒకసారి స్క్రూ ఊడిన కీలును మళ్లీ అదే రంధ్రంలో బిగించి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా. లోపలంతా పొడే. పొడవు స్క్రూ వేసి నిలబెడితే కొన్నాళ్లకు అదీ ఊడింది, "మీరు ముట్టుకున్నాకే పాడైంది" అని నా కూలి ఆపేశారు. సరుకు వాళ్లది, చెడ్డపేరు నాది.

రసమట్టం: అంటే ఇంతసేపూ మీ కోపం ఆ కూలి డబ్బుల మీదా! ఈ అమ్మాయి తలుపుకీ దానికీ ఏం సంబంధం?

ఉలి_సుత్తి: సంబంధం ఉంది సార్. బిగించిన అబ్బాయిని కూడా ఇప్పుడు అదే మాట అంటున్నారు కదా. చూడకుండానే తప్పు వాడి నెత్తిన వేసేది మీలాంటివాళ్లే.

రసమట్టం: మీలాంటివాళ్లంటే? అద్దె ఇళ్లు మారే మాలాంటివాళ్లు టేకు అలమారా ఎన్ని మెట్లు మోస్తారు? విప్పి తీసుకెళ్లడానికే ఇది కొంటాం. తడి తగలకూడదని బొమ్మల కాగితంలో రాసి ఇస్తే చదవకపోవడం ఎవరి తప్పు?

ఉలి_సుత్తి: కొనొద్దని నేనన్నానా? అమ్మేటప్పుడు "చెక్క" అని చెప్పి, పాడయ్యాక "బిగింపు" అనకండి అంటున్నా. పెట్టె విప్పాక దొరికే కాగితం కొనేముందు చదవడం ఎలా కుదురుతుంది?

శ్రావ్య_ఇల్లు: అన్నా, సార్, ఒక్క నిమిషం. వెనక కొలతలు రెండూ సమానమే. తలుపు విప్పి మంచం మీద పెట్టి మెరిసే వైపు దారం లాగి చూశాం, మధ్యలో సందు కనబడుతోంది. లోపలి వైపు ఆ మెరుపు లేదు, గోరుతో గీస్తే లేచొచ్చే పలచటి కాగితం అంతే.

ఉలి_సుత్తి: దొరికింది! ఆ మెరిసే పొరే లామినేట్, రెండు వైపులా ఒకేలాంటిది ఉండాలమ్మా. కాగితం వైపు గాల్లో తేమ పీల్చి సాగుతుంది, లామినేట్ వైపు అంత సాగదు. అందుకే అంచులు బయటికి తిరిగాయి. బిగించినవాడికి ఇందులో ఏ పాపం లేదు.

రసమట్టం: వెనక సరే, ముందు వైపు కొలతలు?

వానజల్లు: దేవుడా.

శ్రావ్య_ఇల్లు: లోపల కూడా లామినేట్ అంటిస్తే సరిపోతుందా?

ఉలి_సుత్తి: ఇప్పుడు అంటిస్తే ఆ వంపు అలాగే బిగుసుకుపోతుంది. దారం లాగి ఒకటి, లోపలి కాగితం కనబడేలా ఒకటి ఫొటోలు తీసి తలుపు మార్చమని అడగండి. ఈలోగా దాన్ని గోడకు ఆనించకండి, చదునుగా పడుకోబెట్టండి.

రసమట్టం: ఆ మాట నిజమే. కొత్తది వచ్చాక పెట్టె విప్పగానే లోపలి వైపు చూసుకోండి. అదీ కాగితమే అయితే బిగించకుండానే వెనక్కి పంపండి.