చిన్నప్పటి సాటర్న్-5 మళ్ళీ కడుతున్నాను: నలుపు ఎక్కడ వేయాలి?

కొరాపుట్ కొండగాలి:

అందరికీ నమస్కారం. మాది సునాబెడ. నాన్నగారు మిగ్ ఇంజన్ల ఫ్యాక్టరీలో ఫిట్టరు. 1979లో అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని మా క్వార్టర్స్‌లో ఉన్న కోళ్ళన్నీ కోసుకు తినేశారు. ఆ రోజుల్లోనే ఇంగ్లండులో డాక్టరీ చేస్తున్న మా పెద్ద మావయ్య సెలవుకొస్తూ ఎయిర్‌ఫిక్స్ వాళ్ళ సాటర్న్-5 కిట్ తెచ్చారు. మనుషుల్ని చంద్రుడి దగ్గరికి పంపిన రాకెట్టు నమూనా, ప్లాస్టిక్ ముక్కలు అతికించి కట్టుకునేది. 1/144 స్కేలు, అంటే అసలు రాకెట్టులో 144వ వంతు. నిలబెడితే సుమారు 77 సెంటీమీటర్లు, అప్పట్లో నా నడుం దాకా వచ్చేది. మూడో దశ ముక్క నా చేతిలో పెట్టి, "ఒరేయ్, మీరంతా భయపడుతున్న స్కైలాబ్ ఇదేరా. ఇంధనం నింపాల్సిన డొల్లలో మనుషులుండే గదులు కట్టి పంపారు" అన్నారు. నా భయం ఆ పూటే పోయింది.

క్వార్టర్ ఖాళీ చేసి రాయగడ వచ్చేసినప్పుడు సామాన్లలో అది ముక్కలైపోయింది. ఇన్నాళ్ళకి అదే అచ్చుతో మళ్ళీ వేసిన కిట్ కొన్నాను. పెట్టె తెరిచి ఆ తెల్ల ప్లాస్టిక్ వాసన చూస్తే చెప్పలేనంత సంతోషం. మూడు సందేహాలున్నాయి.

ఒకటి, మొదటి దశ, అంటే రాకెట్టులో అన్నిటికన్నా కింది భాగం, రెండు చెక్కలుగా వస్తుంది. అతుకు సాపు చేద్దామని గరుకు కాగితం పెడితే పక్కనున్న సన్నటి నిలువు గీతలు కూడా అరిగిపోతాయి. అవి పోకుండా ఎలా?

రెండు, మా కొండల మీద వానలు మొదలైతే ఆగవు. ఆ తేమలో డబ్బా స్ప్రే వేయవచ్చా?

మూడోదే నన్ను తినేస్తోంది. చిన్నప్పుడు కట్టినదానికి మొదటి దశ మధ్యలో, పైన ఆక్సిజన్ ట్యాంకుకీ కింద కిరోసిన్ ట్యాంకుకీ నడుమ, నలుపు ఉండేది. నాకు బాగా గుర్తు, ఆ నలుపు నేనే వేశాను. అపోలో 11 ఫోటోల్లో చూస్తే అక్కడ తెలుపే ఉంది. నా జ్ఞాపకంలో ఉన్నట్టు వేయాలా, చంద్రుడి దగ్గరికి వెళ్ళినదానిలా వేయాలా?

బరంపురం మాస్టారు:

బాబూ, మీ జ్ఞాపకం సరైనదే. ఆ కాలపు కిట్ల సూచనల కాగితాల్లో చూపిన రంగులు 500ఎఫ్ అనే రాకెట్టువి. ప్రయోగ వేదికా, గొట్టాలూ, ఇంధనం నింపే పద్ధతీ సరిచూసుకోవడానికి దాన్ని కట్టారు. 1966 మే 25న అమెరికాలో రాకెట్లు ఎగరేసే కెనడీ సెంటర్‌లో బయటికి తెచ్చి నిలబెట్టారు. అది ఎగరలేదు. మొదటి సాటర్న్-5 ఎగిరింది 1967 నవంబరు 9న. కిట్ల కంపెనీలకి ముందుగా దొరికిన ఫోటోలు 500ఎఫ్‌వి, పెట్టెల మీదకీ అవే ఎక్కాయి. ట్యాంకుల మధ్య నలుపు ఎండకి లోపలి భాగాన్ని వేడెక్కిస్తోందని, ఎగిరే రాకెట్లకి అక్కడ తెలుపు వేశారు.

కాబట్టి మీరు చిన్నప్పుడు కట్టింది తప్పుడు సాటర్న్ కాదు, వేరే సాటర్న్. నేనైతే నలుపే వేస్తాను.

పర్లాకిమిడి పెయింటరు:

అన్నా, గీతల సంగతి. అతుకులో లిక్విడ్ సిమెంట్, అదే ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే పల్చటి జిగురు, కాస్త ఎక్కువే పోసి, కరిగిన ప్లాస్టిక్ సన్నగా పైకి ఉబికేదాకా నొక్కి పట్టు. రెండు రోజులు ముట్టుకోకు. తర్వాత గరుకు కాగితం కాదు, బ్లేడు అంచుతో గీకు. అయినా పోయిన గీతలు పోతాయి. వాటికి స్ప్రూ ముక్క, అదే విడిభాగాలు అంటుకుని వచ్చే కాడ, కొవ్వొత్తి మంటకి కొంచెం పైన తిప్పుతూ ఉండు. మెత్తబడి మెరుపు రాగానే మంట మీంచి తీసి రెండు చేతులా లాగు. వెంట్రుకంత దారం వస్తుంది. మెల్లగా లాగితే లావు, గబుక్కున లాగితే సన్నం. పోయిన గీత ఉన్నచోటే అతికించెయ్. రంగు పడ్డాక కిట్‌తో వచ్చిన గీతేదో నువ్వు వేసిందేదో నీకే తెలీదు.

లాకర్ స్ప్రే వానలో వద్దే వద్దు. తేమకి పూత పాలలా తెల్లబారుతుంది, నలుపు మీద మరీ కనిపిస్తుంది. దసరా దాటనీ. ముందు ఒళ్ళంతా తెలుపు, తర్వాత టేపు వేసి నలుపు. టేపు అంచు మీద ముందుగా మళ్ళీ తెలుపే ఒక పల్చటి పూత కొట్టు. సందులోకి దూరేదేదో ఆ తెలుపే దూరుతుంది, నలుపు గీత కత్తితో కోసినట్టు వస్తుంది.

జయపురం:

మాస్టారి మాట కాదనను గానీ, నా ఓటు తెలుపుకే. ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్ళు ఎక్కింది 506 నంబరు సాటర్న్. ఇంటికొచ్చిన పిల్లలు "ఇదేనా చంద్రుడి మీదికి వెళ్ళింది?" అని అడిగితే అవునని చెప్పగలగాలి కదండీ.

కొరాపుట్ కొండగాలి:

మాస్టారూ, 500ఎఫ్ కథ నాకు ఇంతవరకూ తెలియదు. నలుపే వేస్తున్నాను, కింద పలక మీద 500ఎఫ్ అని రాస్తాను. జయపురం వారూ, మీరన్నదీ న్యాయమే. అందుకని రెండోది కూడా కడతాను, అయితే 506 కాదు. 1973 మే 14న స్కైలాబ్‌ని మోసుకెళ్ళిన 513. సాటర్న్-5 ఆఖరుసారి ఎగిరింది అదే. ఎయిర్‌ఫిక్స్ వాళ్ళు ఆ రూపంలో కూడా కిట్ వేశారు. మావయ్య ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నారు, ఎనభై దాటాయి. అది ఆయనకి.

తమ్ముడూ, స్ప్రూ దారం రాత్రే లాగి చూశాను, అద్భుతంగా వచ్చింది. రంగు దసరా తర్వాతే.

ఇంకొక్క సాయం. కొత్త పెట్టెలోని సూచనల కాగితంలో రంగుల బొమ్మ పాతదానిలా లేదు. 1970ల నాటి కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే, మొదటి దశ నాలుగు వైపులూ కనిపించే పేజీ ఒక్కటి ఫోటో తీసి పెడతారా? నలుపు ఏయే వైపుల పడాలో అది చూస్తే గానీ టేపు వేయలేను.